బొగ్గు విద్యుత్ కేంద్రం పర్యావరణ పత్రాలను చదివి, ప్రశ్నించడం ఎలా

రామగుండం, పాల్వంచ, మణుగూరు, జైపూర్, దామరచర్ల, ఇబ్రహీంపట్నం, పరవాడ, కృష్ణపట్నం వంటి చోట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల కాపురం ఉంటున్నవారికి బూడిద అంటే ఏమిటో ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆరేసిన బట్టల మీద, మిర్చి కల్లాల మీద, వేసవిలో ఆరుబయట వేసుకున్న మంచాల మీద పడే ఆ పొరను వారు రోజూ చూస్తూనే ఉంటారు. అయినా ఊరంతా కలిసి అర్జీ పెట్టినప్పుడు "కాలుష్యం నిర్దేశిత పరిమితుల్లోనే ఉంది" అన్న ఒక్క వాక్యంతో జవాబు వస్తుంది. ఆ వాక్యం ఎక్కడి నుంచి వస్తుందో, ఏ కాగితంలోని ఏ అంకె ఆధారంగా రాస్తారో తెలిస్తే తప్ప దాన్ని నిలదీయడం సాధ్యం కాదు. ఆ కాగితాలను ఎలా సంపాదించాలో, ఎలా చదవాలో, మన కంటితో చూసినదానితో ఎలా సరిపోల్చాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఉదాహరణగా ఎక్కువ చోట్ల పెద్దపల్లి జిల్లాలోని రామగుండం ఎన్టీపీసీ కేంద్రాన్ని తీసుకుంటాను. అక్కడ పాత యంత్రాలు, కొత్త యంత్రాలు పక్కపక్కనే ఉండటం వల్ల నిబంధనలు ఎలా మారుతూ వచ్చాయో ఒకే చోట కనిపిస్తుంది.

ఏ పత్రాలు కావాలి

ముఖ్యమైనవి నాలుగు. మొదటిది కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇచ్చిన పర్యావరణ అనుమతి లేఖ. 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు కేంద్రాలకు అనుమతి ఢిల్లీ నుంచే రావాలి. రెండవది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నీటి చట్టం, గాలి చట్టం కింద ఇచ్చే నిర్వహణ సమ్మతి పత్రం. మూడవది అనుమతి లేఖలోని ఒక్కొక్క షరతును ఎలా పాటిస్తున్నారో సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న సమర్పించవలసిన అర్ధవార్షిక నివేదిక. నాలుగవది ఏటా సెప్టెంబర్ 30లోగా మండలికి ఇవ్వవలసిన పర్యావరణ ప్రకటన, అంటే ఫారం-5.

అనుమతి లేఖలు, అర్ధవార్షిక నివేదికలు మంత్రిత్వ శాఖవారి పరివేష్ వెబ్‌సైట్‌లో, చాలాసార్లు సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కూడా దొరుకుతాయి. దొరకకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఎన్టీపీసీ, జెన్‌కో, సింగరేణి ప్రభుత్వ సంస్థలు కనుక వాటికి నేరుగా దరఖాస్తు పెట్టవచ్చు. ప్రైవేటు కేంద్రమైతే అదే పత్రాన్ని కాలుష్య నియంత్రణ మండలి నుంచి అడగాలి. దరఖాస్తులో "మా ఊరికి కాలుష్యం ఎందుకు వస్తోంది" అని అడిగితే పనికివచ్చే జవాబు రాదు, ఎందుకంటే ఈ చట్టం ఉన్న రికార్డును ఇప్పిస్తుంది గాని సంజాయిషీని ఇప్పించదు. "ఒకటో యూనిట్ నుంచి ఏడో యూనిట్ వరకు, ఫలానా ఏప్రిల్ నుంచి ఫలానా మార్చి వరకు, చిమ్నీలోని నిరంతర నమోదు పరికరం రికార్డు చేసిన ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల రోజువారీ సగటులు, పరికరం పనిచేయని రోజుల జాబితా" అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా ఆ సంస్థలోనే మొదటి అప్పీలు చేయవచ్చు.

ఈ పత్రాలు దాదాపు అన్నీ ఆంగ్లంలోనే ఉంటాయి. ఇది నిజంగా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే బూడిద ఎవరి ఇంటి మీద పడుతుందో వారికి అర్థమయ్యే భాషలో ఆ బూడిద లెక్క ఉండదు. ఊరిలో సైన్సు చదివిన డిగ్రీ విద్యార్థినో, హైస్కూలు ఉపాధ్యాయుడినో కూర్చోబెట్టుకుని, షరతుల పట్టికను మాత్రం తెలుగులోకి రాయించి పంచాయతీ కార్యాలయంలో ఒక ప్రతి ఉంచుకోవడం మొదటి పనిగా పెట్టుకోండి. నివేదిక వందల పేజీలున్నా, చదవవలసిన పట్టికలు పది పదిహేను పేజీలకు మించవు.

ముందుగా చేతి లెక్క వేసుకోండి

నివేదికలోని అంకెలను నమ్మాలో లేదో తేల్చుకోవాలంటే, ఎంత రావాలో మనకు ఉజ్జాయింపుగా తెలిసి ఉండాలి. రామగుండం పాత కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లు: 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు. ఏడాది పొడవునా సగటున 70 శాతం సామర్థ్యంతో నడిచిందని అనుకుందాం. 2600ను 8760 గంటలతో, దానిని 0.7తో గుణిస్తే సుమారు 1.6 కోట్ల మెగావాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లులోని లెక్కలో 1600 కోట్ల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు దాదాపు 650 గ్రాముల బొగ్గు కాలుతుందనుకుంటే ఏడాదికి కోటి టన్నులు దాటుతుంది. మన దేశపు బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. 35 శాతమే వేసుకున్నా 36 లక్షల టన్నుల బూడిద తేలుతుంది. అందులో సుమారు ఐదింట నాలుగు వంతులు పొగతో పాటు పైకి లేచే సన్నని ఫ్లై యాష్, మిగిలింది బాయిలర్ అడుగున పడే బాటమ్ యాష్.

బొగ్గులో గంధకం అర శాతమే ఉందనుకున్నా, కాలినప్పుడు దాని బరువుకు రెట్టింపు సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది కనుక, గంధకం తొలగించే యంత్రాంగం లేని పక్షంలో ఏడాదికి దాదాపు లక్ష టన్నులు గాలిలో కలుస్తుంది. మెగావాట్ అవర్‌కు 3.5 ఘనపు మీటర్ల నీటి పరిమితి పూర్తిగా వాడుకుంటే ఏడాదికి 5.6 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సుమారు రెండు టీఎంసీలు. కార్బన్ డయాక్సైడ్ యూనిట్‌కు కిలోకు కొంచెం తక్కువగా వస్తుంది కాబట్టి ఏడాదికి కోటిన్నర టన్నుల చుట్టూ ఉంటుంది. చిమ్నీ నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కు మిల్లీగ్రాముల పరిమితి ఏదీ లేదు. అందువల్ల నివేదికలో ధూళికి, సల్ఫర్‌కు ఉన్నట్లు దానికి వరుస ఉండదు. ఈ లెక్క మాత్రం మనమే వేసుకోవాలి.

ఇవి కేంద్రం ప్రకటించిన అంకెలు కావు, మన అంచనాలు మాత్రమే. మీ కేంద్రం సామర్థ్యాన్ని, ఆ ఏడాది అది నడిచిన శాతాన్ని పెట్టి ఇదే లెక్క వేయండి. ఆ తరువాత ఫారం-5లో చూపిన బొగ్గు వినియోగాన్ని, బొగ్గులో బూడిద శాతాన్ని, ఉత్పత్తి అయిన బూడిద టన్నులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. బొగ్గును బూడిద శాతంతో గుణిస్తే వచ్చే బరువుకు, చూపిన బూడిదకు మధ్య పెద్ద తేడా ఉంటే, అది మీ మొదటి ప్రశ్న.

ఒకే ఆవరణలో వేర్వేరు పరిమితులు

చిమ్నీ పరిమితులను 2015 డిసెంబర్ 7 నాటి నోటిఫికేషన్ నిర్ణయించింది. అవి యంత్రం వయసును బట్టి మారతాయి. 2003 డిసెంబర్ 31కి ముందు నెలకొల్పిన యూనిట్లకు ధూళి ఘనపు మీటర్‌కు 100 మిల్లీగ్రాములు, 2004 నుంచి 2016 చివరి వరకు నెలకొల్పినవాటికి 50, 2017 జనవరి 1 తరువాతివాటికి 30. రామగుండంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది, ఏడవది 2004లో వచ్చింది, అదే ఆవరణలో తెలంగాణ ప్రాజెక్టు పేరిట 800 మెగావాట్ల యూనిట్లు రెండు 2023, 2024లలో అందుబాటులోకి వచ్చాయి. అంటే ఒకే ప్రహరీ లోపల మూడు రకాల పరిమితులు అమలులో ఉన్నాయి. అందువల్ల కేంద్రం మొత్తానికి ఒకే సగటు చూపిన పట్టిక మనకు ఉపయోగపడదు. ఏ చిమ్నీ, ఏ యూనిట్, ఏ పరిమితి అని విడివిడిగా ఉన్న పట్టికనే అడగాలి.

సల్ఫర్ డయాక్సైడ్ విషయంలో 2016 వరకు నెలకొల్పిన యూనిట్లలో 500 మెగావాట్లకు లోపు వాటికి 600 మిల్లీగ్రాములు, ఆపైన వాటికి 200 మిల్లీగ్రాములు. 2017 తరువాతివాటికి 100. కానీ వీటిని అమలు చేయవలసిన గడువును పదే పదే పొడిగిస్తూ వచ్చి, 2021లో కేంద్రాలను ఏ, బీ, సీ అని మూడు వర్గాలుగా విడదీసి, చివరకు 2025 జూలైలో సీ వర్గానికి చిమ్నీ ఎత్తు షరతు మీద ఈ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు. దేశంలోని ఎక్కువ యూనిట్లు ఈ సీ వర్గంలోనివే. పదేళ్లు ఎదురుచూసినవారికి ఇది న్యాయమని నేను అనుకోను. అయినా అర్జీ రాసే ముందు మీ కేంద్రం ఏ వర్గంలో ఉందో తేల్చుకోండి, లేకపోతే మొదటి పేరాలోనే అర్జీ వీగిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని పట్టికల్లో వాయువులను మిల్లీగ్రాముల్లో కాక పీపీఎంలో, అంటే పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్కలో, చూపిస్తారు. సల్ఫర్ డయాక్సైడ్ ఒక పీపీఎం అంటే ఘనపు మీటర్‌కు సుమారు 2.86 మిల్లీగ్రాములు. "190" అని ఉన్న అంకె పీపీఎం అయితే అది 540 మిల్లీగ్రాములు దాటినట్లే. అంకె కన్నా ముందు కొలమానం చూడండి.

అర్ధవార్షిక నివేదికలో ఏమి వెతకాలి

ఈ నివేదికలో ఎడమవైపు షరతు, కుడివైపు సంస్థ జవాబు ఉంటాయి. జవాబుల్లో "పాటించాము", "పాటిస్తున్నాము", "గమనించాము" అన్న మూడు మాటలే ఎక్కువగా కనిపిస్తాయి. "గమనించాము" అన్నచోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి. షరతు ఒక పని చేయమని చెబుతుంటే, గమనించామన్నది జవాబు కాదు. పచ్చదనపు పట్టీ పెంచాలన్న షరతుకు ఎన్ని ఎకరాల్లో, ఏ మొక్కలు, ఎన్ని బతికాయన్నది జవాబు. వరుసగా నాలుగైదు నివేదికలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే వాక్యం, ఒకే ఫోటో అన్నిటిలోనూ తిరిగి వస్తుంటే ఆ షరతును ఆ కాలంలో ఎవరూ పరిశీలించలేదని అనుమానించవచ్చు.

గాలి నాణ్యత పట్టికలో మొదట చూడవలసింది అంకెలను కాదు, కొలిచిన చోటును. పీఎం10, అంటే 10 మైక్రాన్లకు మించని సన్నని ధూళి, రోజు సగటు ఘనపు మీటర్‌కు 100 మైక్రోగ్రాములు, అంతకన్నా సన్నని పీఎం2.5 అయితే 60, సల్ఫర్ డయాక్సైడ్ 80 దాటకూడదని 2009 నాటి జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కొలత పరికరాలను ఉద్యోగుల కాలనీలోనో, చెట్ల మధ్యనున్న అతిథి గృహం దగ్గరో పెడితే ఈ ప్రమాణాలు దాటడం అరుదు. నైరుతి గాలి వీచే నెలల్లో కేంద్రానికి ఈశాన్యాన ఉన్న ఊళ్లు, చలికాలంలో ఈశాన్య గాలి వీచేటప్పుడు నైరుతిన ఉన్న ఊళ్లు దెబ్బ తింటాయి. మీ ఊరు ఏ దిక్కున ఉందో పటం మీద గుర్తించి, ఆ దిక్కున ఒక్క కొలత కేంద్రమైనా ఉందా అని అడగండి. ఆ ప్రమాణాల్లోనే మరో నియమం ఉంది: ఏడాదిలో 98 శాతం రోజులు పరిమితి లోపే ఉండాలి, మిగిలిన రెండు శాతంలో దాటినా వరుసగా రెండు రోజులు దాటకూడదు. నెల సగటు మాత్రమే చూపిన పట్టికలో ఇది కనిపించదు కాబట్టి రోజువారీ అంకెలు అడగాలి.

శబ్దం, మురుగు నీటి శుద్ధి పట్టికలను ఒకసారి చూసి వదిలేసినా నష్టం లేదు. ఊళ్లకు అసలు గొడవ వచ్చేది బూడిద చెరువు దగ్గరే.

బూడిద చెరువు

చాలామంది చిమ్నీ వైపు చూసి ఫిర్యాదు చేస్తారు. కానీ 200 నుంచి 275 మీటర్ల ఎత్తున్న చిమ్నీ నుంచి వచ్చేది దూరాలకు పోతుంది. విద్యుత్ క్షేత్రంతో ధూళిని పట్టే ఈఎస్‌పీ యంత్రం సరిగా పనిచేస్తే ఫ్లై యాష్‌లో 99 శాతానికి పైగా అక్కడే ఆగిపోతుంది. ఈఎస్‌పీలో ఏదైనా విభాగం ఆగినప్పుడు చిమ్నీ నుంచి నల్లగానో, దట్టమైన బూడిద రంగులోనో పొగ వస్తుంది. తేదీ, గంటతో ఫోటో తీసి ఉంచుకుంటే, తరువాత నిరంతర నమోదు పరికరం రికార్డులో అదే గంటను అడగవచ్చు. కేంద్రానికి ఆనుకుని ఉన్న ఊళ్ల మీద పడే దుమ్ము మాత్రం చాలావరకు బూడిద చెరువు నుంచి, బొగ్గు నిల్వల నుంచి, బూడిద లారీల నుంచి వస్తుంది.

బూడిదను నీటితో కలిపి స్లర్రీగా పైపుల్లో చెరువుకు పంపుతారు. పైన నీరు నిలిచి ఉన్నంతకాలం అది ఎగరదు. ఒక భాగం నిండి, నీరు ఇంకి, మార్చి నుంచి జూన్ మొదటి వారాల వరకు ఎండకు ఆరినప్పుడు, గాలిదుమారం వస్తే తెరలు తెరలుగా లేస్తుంది. రామగుండం దగ్గర కుందనపల్లి చెరువు చుట్టుపక్కలవారు ఏళ్లుగా చెబుతున్నది ఇదే. అనుమతి లేఖలో చెరువు ఉపరితలం ఎప్పుడూ తడిగా ఉంచాలనో, నీరు చిమ్మాలనో, నిండిన భాగాన్ని మట్టితో కప్పి మొక్కలు పెంచాలనో షరతు ఉంటుంది. ఆ షరతు సంఖ్యను గుర్తుపెట్టుకుని, ఒక నోటుపుస్తకంలో రోజూ నాలుగు సంగతులు రాయండి: తేదీ, బూడిద లేచిన సమయం, గాలి దిక్కు, చెరువులో నీరు చిమ్ముతున్నారా లేదా. ఒకే చేతిరాత కన్నా వేర్వేరు వీధుల్లోని ముగ్గురు నలుగురు విడివిడిగా రాసిన పుస్తకాలకు విలువ ఎక్కువ.

బూడిద వినియోగం పట్టికను తీరిగ్గా చదవండి. 2021 డిసెంబర్ 31 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఉత్పత్తి అయిన బూడిదను నూటికి నూరు శాతం వినియోగించాలి. లెక్క మూడేళ్ల సగటున చూస్తారు, ఏ ఏడాదీ 80 శాతానికి తగ్గకూడదు, మిగిలిపోయిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పర్యావరణ పరిహారం కట్టాలి. పట్టికలో సిమెంటుకు, ఇటుకలకు, రోడ్ల కట్టలకు, మూతపడిన గనుల పూడికకు, పల్లపు భూముల పూడికకు ఎంతెంత పోయిందో ఉంటుంది. "పల్లపు భూములు" అన్న వరుస దగ్గర ఆగండి. ఆ భూముల సర్వే నంబర్లు అడిగి, వెళ్లి చూడండి. అది ఊరి కుంటో, చెరువు శిఖం భూమో, వాగు ఒడ్డో అయితే, వినియోగం పేరుతో కాలుష్యం ఒక చోటి నుంచి మరో చోటికి మారిందన్నమాట.

కట్టల భద్రతను తేలికగా తీసుకోవద్దు. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి జిల్లాలో, సాసన్ విద్యుత్ కేంద్రం బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు చనిపోయారు. వానలకు ముందే కట్ట పాదం వెంట నడిచి, తేమ మచ్చలు, ఊట, కట్ట మీద పెరిగిన పెద్ద చెట్లు, పగుళ్లు ఉన్నచోట్లను ఫోటోలతో రాసి తహసీల్దారుకు, కేంద్రం అధికారులకు ఒకేసారి ఇచ్చి రసీదు తీసుకోండి.

నీటి పరీక్ష విషయంలో తొందరపడకూడదు. చెరువు పక్క బావి నుంచి ఒక సీసా నీరు పట్టి పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఎక్కువని రావచ్చు. కానీ దామరచర్ల ఉన్న నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ భూమిలోనే ఉంది. అందువల్ల భూగర్భ జలం పారే దిక్కులో చెరువుకు ఎగువన ఒక బావి, దిగువన రెండు బావులు ఎంచుకుని, వానలకు ముందు, తరువాత అవే బావుల నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాలి. ఫ్లోరైడ్‌తో పాటు సల్ఫేట్, బోరాన్, ఆర్సెనిక్, సీసం, క్రోమియం చూడమనండి. బూడిద నుంచి ఊరే నీటికి సల్ఫేట్, బోరాన్ మంచి ఆనవాళ్లు. ఎగువ బావిలో లేనిది దిగువ బావిలో ఉంటే, ఏడాదికేడాది పెరుగుతుంటే, అప్పుడు మాట్లాడే బలం వస్తుంది. సంస్థ కూడా చెరువు చుట్టూ పరిశీలన బావులు తవ్వి ఉంటుంది. వాటి ఫలితాలు అర్ధవార్షిక నివేదికలో ఉంటాయి.

ఆరోగ్యం గురించి రాసేటప్పుడు ఊరిలో ప్రతి దగ్గునూ కేంద్రానికి అంటగట్టకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలవారీగా శ్వాసకోశ జబ్బులతో వచ్చినవారి సంఖ్యను, పేర్లు లేకుండా, అడిగి తెచ్చుకుంటే చాలు.

విస్తరణ వచ్చినప్పుడు

కొత్త యూనిట్ కట్టాలన్నా, ఉన్నదాన్ని విస్తరించాలన్నా సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం ముప్పై రోజుల ముందు పత్రికా ప్రకటన ఇవ్వాలి, ముసాయిదా నివేదికను కలెక్టర్ కార్యాలయంలో, జిల్లా పరిషత్‌లో అందుబాటులో ఉంచాలి, దాని సారాంశం తెలుగులో కూడా ఉండాలి. ఆ సారాంశంలో భూమి గురించి రాసిన పేరాను ఊరి పెద్దలు, పశువుల కాపరులు, చేపలు పట్టేవారు కూర్చుని చదవాలి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూములను పనికిరానివిగా లెక్కగట్టి థర్మల్ కేంద్రం తలపెట్టినప్పుడు, అది వేల కుటుంబాలు సాగుకు, చేపలకు ఆధారపడిన చిత్తడి నేల అని స్థానికులు చెప్పారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది.

బొగ్గు ఎక్కడిదన్న పేరా కూడా అంతే ముఖ్యం. దామరచర్ల యాదాద్రి కేంద్రానికి 2017లో అనుమతి వచ్చింది. విదేశీ, దేశీయ బొగ్గుల మిశ్రమం ఆధారంగా అంచనాలు వేసి, తరువాత పూర్తిగా దేశీయ బొగ్గుకు మారడం ఆ వివాదంలో ఒక అంశం. 2022 సెప్టెంబర్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆ అనుమతిని తాత్కాలికంగా నిలిపి ఉంచి అదనపు అధ్యయనాలు చేయమంది. బొగ్గు మారితే బూడిద, గంధకం, లారీల లెక్కలన్నీ మారతాయి.

సభలో మాట్లాడినది వృథా కాకుండా లిఖితపూర్వకంగా కూడా ఇవ్వండి. సభ చివర సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలన్నది నియమం. మీ అభ్యంతరం అందులో లేకపోతే అక్కడే లేచి చేర్పించండి.

ఫిర్యాదు

ఒక ఫిర్యాదులో ఒకే షరతు పెట్టండి. షరతు సంఖ్య, సంస్థ నివేదికలో ఇచ్చిన జవాబు, మీ నోటుపుస్తకంలోని తేదీలు, ఫోటోలు, కోరుతున్న చర్య: ఇంతే చాలు. దానిని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కేంద్ర మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి, అంటే తెలంగాణవారు హైదరాబాద్‌కు, ఆంధ్రప్రదేశ్‌వారు విజయవాడకు, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తనిఖీకి అధికారులు వచ్చినప్పుడు ఫిర్యాదుదారు సమక్షంలో నమూనాలు తీయమని ముందే లేఖలో కోరండి. తరువాత ఆ తనిఖీ నివేదిక ప్రతిని సమాచార హక్కు కింద తీసుకోండి.

కదలిక లేకపోతే చెన్నైలోని ట్రైబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం ఉంది. కొత్త అనుమతి మీద అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది, తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు. మామూలు వివాదానికి, కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు. నష్టపరిహారానికి ఐదేళ్లు. అందుకే మొదటి ఫిర్యాదు రసీదును, మొదటి ఫోటో తేదీని జాగ్రత్త చేయాలి. అనుమతి వచ్చిన ఏడు రోజుల్లో సంస్థ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి కనుక, విస్తరణ ప్రతిపాదన నడుస్తున్న కాలంలో జిల్లా ఎడిషన్లలోని ప్రకటనలను ఎవరో ఒకరు రోజూ చూసి, కత్తిరించి, పంచాయతీ ఫైలులో పెట్టే ఏర్పాటు చేసుకోండి.